‘ఫ్రీ’ యను మాట

మాటలు వలస వచ్చునప్పుడు తమ సామానంతయు వెంట తెచ్చుకొనవు. కొంత పుట్టినింట విడిచి, కొంత మూటగట్టుకొని వచ్చి, క్రొత్తయింట కనబడిన వస్తువులను కొన్నింటిని తమవిగా జేసికొనును. అట్లు మన యిండ్లలోనికి వచ్చి, వంటయింటినుండి దేవాలయమువఱకు నెల్లయెడల అడ్డులేక తిరుగుచున్న యాంగ్లపదములలో ‘ఫ్రీ’ యనునది యొకటి. ఒక్క యక్షరముగల యీ మాటకొఱకు పత్రికయందు పుటలు నింపనేల యని చదువరు లడుగవచ్చును. మాట చిన్నదే. కాని దాని యర్థములు ఒకదానిలో నొకటి కలిసిపోవుటచేత నొక బాలిక చదువు నిలిచిపోవుట మేము చూచితిమి. అందుచేత నీ విచారమునకు పూనుకొంటిమి.

మేముండునది గౌతమీతీరమందలి వాడపల్లి. ఇచ్చటి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారముల మ్రొక్కు మ్రొక్కుకొన్నవారు వారమువారము గుంపులుగా వత్తురు. శనివారము ప్రొద్దుట ఆ దారిప్రక్కను ఒక గంటసేపు నిలిచినవానికి ‘ఫ్రీ’ శబ్దముయొక్క యర్థములన్నియు నిఘంటువు విప్పకయే తెలియును. ‘ఫ్రీ దర్శనం లైను ఎటండి?’ యని యొక ముసలమ్మ యడుగును. ‘బస్సు ఫ్రీయే గానీ ఆధారు కార్డు తెచ్చావా?’ యని యొకతె రెండవదానిని హెచ్చరించును. ఆత్రేయపురపు పూతరేకు లమ్మువాడు ‘మూడు కొంటే ఒకటి ఫ్రీ’ యని కేకవేయును. ప్రక్కనే మఱియొక పెట్టెపై ‘షుగర్ ఫ్రీ’ యని వ్రాసియుండును. చక్కెరకూడ ఉచితముగా నిత్తురు కాబోలునని తలచి యొక పెద్దాయన దానిని చేతికెత్తుకొనును. ఒక యువకుడు ఫోనులో ‘సాయంత్రం ఫ్రీగా ఉంటావా?’ యనుచుండును. ఒక తల్లి తన కూతుతో మెల్లగా, ‘వాళ్లతో అంత ఫ్రీగా మాట్లాడకు’ అనుచుండును. అక్షరమొక్కటే. పలుచోట్ల పలు విధములైనది.

తరగతిగదిలోని యనుభవము నొకదానిని జెప్పెదము. ఆకాశమున నెగురు పక్షులు ‘ఫ్రీ’ యను నర్థముగల యొక యాంగ్లవాక్యమును తెనిగింపుమని ఎనిమిదవ తరగతివారి కిచ్చితిమి. ఒక బాలుడు ‘ఆకాశమందలి పక్షులు ఉచితము’ అని వ్రాసెను. తరగతియంతయు నవ్వెను. బాలుడు చిన్నబోయి తనచేతనున్న గైడు పుస్తకము చూపెను. అందు ‘ఫ్రీ’ కెదురుగా ‘ఉచితము’ అను నొక్కమాటయే యున్నది. మేమును మొదట నవ్వితిమి గాని పిమ్మట సిగ్గుపడితిమి. తప్పు బాలునిది గాదు. ఒక మాటకు ఒక్క యర్థమే చెప్పి పరీక్ష గట్టెక్కింపజూచు పుస్తకములది, వానిని విమర్శింపక బల్లమీద నుండనిచ్చిన మాబోటివారిది.

రెండవ యనుభవము నవ్వదగినది గాదు. మా పాఠశాలలో పదవతరగతి ముగించిన యొక బాలిక పట్టణమున కళాశాలలో జేరి, బస్సు ఛార్జీల భారముచేత కొలది నెలలకే మానివేసెను. 2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ‘స్త్రీశక్తి’ యను పేర స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో వెలలేని ప్రయాణము కల్పించిరి. అడ్డు తొలగినది గదా యని సంతోషించి మేమా బాలిక యింటికి పోతిమి. ఆమె తండ్రి మమ్ము మర్యాదతో కూర్చుండబెట్టి, మంచినీళ్లు తెప్పించి, మే మంతయు చెప్పువఱకు విని, తుదకిట్లనెను: ‘బస్సు ఫ్రీ యేనండి, కాదనను. అలాగని పిల్లని కూడా ఫ్రీగా వదిలేయమంటారా మేస్టారూ?’

మే మేమియు ననలేకపోతిమి. ఒక వాక్యమున రెండుమాఱులు వచ్చిన యా మాట మా నోరు గట్టివేసెను. తలుపుచాటుననున్న బాలిక మేము లేచునపుడు ముందునకు వచ్చి, ‘మీ దగ్గర తీసుకున్న నిఘంటువు ఇచ్చేయమంటారా అండి?’ యని యడిగెను. ఉంచుకొమ్మని చెప్పి వచ్చివేసితిమి. నాటినుండి యీ మాటను గూర్చి చదువుచునే యున్నాము.

శబ్దములకు రెండు విధములైన సంబంధము లున్నవి. పెక్కు మాట లొక్క యర్థమును చెప్పుట యొకటి. దానికి పర్యాయమని పేరు. ఒక్క మాట పెక్కర్థములను చెప్పుట రెండవది, అది నానార్థము. మన పూర్వు లీ భేదమును చక్కగా నెఱుగుదురు. అమరసింహుడు తన కోశమున పర్యాయములను విషయానుసారముగా వర్గములుగా గూర్చి, నానార్థములకు తృతీయకాండమున వేఱొక వర్గమే కల్పించెను. ఆంగ్లమున రోజె యను వైద్యుడు 1805లో నారంభించి, 1852లో ప్రకటించిన పర్యాయకోశము గూడ అక్షరక్రమమున గాక భావక్రమమున నడచినదే. బ్రౌనుదొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినదియు 1852లోనే. మా గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట ముగిసినదియు నా యేటనే. నీటికి కాలువలు త్రవ్వినట్లే అర్థమునకును కాలువలు త్రవ్వవలెను. లేనియెడల నొకచోట వఱదయు నొకచోట కఱవును తప్పవు. ‘ఫ్రీ’ విషయమున మనకు జరిగిన దిదియే.

మాటయొక్క యర్థము తెలియవలెనన్న, అది దేనికి విరుద్ధమో యడుగుట సులభమైన పద్ధతి. ‘ఫ్రీ’ మనుష్యుడనగా బానిసకు విరుద్ధము, తెలుగున స్వతంత్రుడు. ‘ఫ్రీ’ వస్తువనగా వెలగలదానికి విరుద్ధము, ఉచితము. ‘ఫ్రీ’గా నున్నాననగా పనికి విరుద్ధము, తీరిక. త్రోవ ‘ఫ్రీ’ యనగా అడ్డునకు విరుద్ధము, నిరాటంకము. ‘షుగర్ ఫ్రీ’ యనగా చక్కెర యుండుటకు విరుద్ధము, చక్కెర లేనిది. ‘ఫ్రీ’గా మాటలాడుట సంకోచమునకు విరుద్ధము, మంచిగా జెప్పిన చనువు, చెడుగా జెప్పిన చొరవ. గ్రంథమును ‘ఫ్రీ’గా తెనిగించితి మన్నచో మూలమునకు మాటమాటకు కట్టుబడలేదని యర్థము; దానిని స్వేచ్ఛానువాద మందుము. ఇన్నింటికి మనకు వేఱువేఱు మాటలు గలవు. పక్షులు స్వేచ్ఛగలవి, ఉచితములు గావు. గైడుపుస్తకము వ్రాసినవాడు ‘దేనికి విరుద్ధము?’ అను నొక్క ప్రశ్న వేసికొనియున్న నా బాలుడు నవ్వులపాలు గాకపోవును.

ఇక నీ శబ్దముయొక్క పుట్టుక యేది? సంస్కృతమందలి పకారమునకు ఆంగ్లాది భాషలలో తఱచుగా ఫకారము వచ్చును. పితృ శబ్దమునకు ఫాదర్, పాద శబ్దమునకు ఫుట్, పంచ శబ్దమునకు ఫైవ్ చూచినచో నది తెలియును. ఆ సూత్రము ననుసరించి ‘ఫ్రీ’ శబ్దమునకు సంస్కృతమున తోబుట్టు వేది యని వెదకినచో లభించునది ‘ప్రియ’ శబ్దము! ఇది మా యూహ గాదు, భాషాశాస్త్రజ్ఞు లంగీకరించినది. ప్రేమించుట యను నర్థముగల ప్రాచీనధాతువునుండియే మనకు ప్రియము, ప్రీతి, ప్రేమ వచ్చినవి. వారికి ‘ఫ్రీ’ వచ్చినది. స్నేహితుడను నర్థముగల ‘ఫ్రెండ్’ వచ్చినది.

ప్రియమైనదానికిని స్వతంత్రమైనదానికిని సంబంధమేమి? పూర్వకాలపు గృహములలో రెండు తెగలవా రుండిరి. ఇంటివారు, అనగా ప్రియమైనవారు, ఒక తెగ. కొని తెచ్చిన బానిసలు రెండవ తెగ. ఇంటివాడే స్వతంత్రుడు, ప్రియుడే ‘ఫ్రీ’. లాటినుభాషయందును స్వతంత్రుని జెప్పు ‘లీబెర్’ శబ్దముయొక్క బహువచనమే కన్నబిడ్డలకు పేరైనది. కాబట్టి యీ మాట మొదట వస్తువులను గూర్చినది గాదు, మనుష్యులను గూర్చినది. వెలను గూర్చినది గాదు, వాత్సల్యమును గూర్చినది. బానిసకు వెల యుండును. బిడ్డకు వెల యుండదు. ‘ఖర్చునుండి విడివడినది’ యను నర్థమున వస్తువులకు ‘ఫ్రీ’ యనుట చాల కాలమునకు బిమ్మట వచ్చిన వాడుక.

మన తెలుగున ‘ప్రియము’ వేఱొక త్రోవ పట్టినది. బియ్యము ప్రియమైన వనగా వెల హెచ్చినదని యర్థము. తెలంగాణమువారు దానినే ‘పిరము’ అందురు. కావున బజారులో నొక దుకాణముమీద ‘ఫ్రీ’ యనియు, ప్రక్క దుకాణమున బేరమాడువాని నోట ‘పిరం’ అనియు వినబడినపుడు, ఒక్క తల్లి బిడ్డలే యెదురెదురుగా నిలుచున్నారని యెఱుగుడు. ఒకరికి వెలయే లేదు, ఒకరికి వెల మిక్కుటము. తెలుగున ‘వెలలేనిది’ యను మాటకు గూడ రెండర్థములు గలవు: డబ్బక్కఱలేనిది, డబ్బుతో కొనరానిది. ఈ రెండింటిని కలిపివేయుటలోనే చిక్కంతయు నున్నది.

ఊరక వచ్చు వస్తువులకు మన భాషయందున్న పర్యాయములను గూర్చియు నొకమాట. ఇవి పర్యాయము లని పేరేగాని యొక్కటియు రెండవదానికి సమానము గాదు. ‘ధర్మార్థము’ అన్నచో ఇచ్చువాని పుణ్యము కనబడును. మన పెద్దలు ప్రభుత్వవైద్యశాలను ‘ధర్మాసుపత్రి’ యనుట యీ భావము చేతనే. ‘పుణ్యానికి వచ్చినదా?’ యన్నచో పుచ్చుకొన్నవానికి మందలింపు. ‘తేరగా’ ననుటలో కష్టపడనివాని కెత్తిపొడుపు. ‘అప్పనముగా’ ననుటలో అర్హత లేదను నసూయ. ‘ఊరక’ యనుటలో కారణమే లేదు. ‘ఉచితము’ మాత్రము వేఱు. సంస్కృతమున ఉచితమనగా తగినది, న్యాయమైనది. తగినట్టి కానుక యను భావమునుండి వెలలేనిదను నర్థము తెలుగువాడుకలో నిలిచినది. ధర్మాసుపత్రి పోయి ఉచితవైద్యము వచ్చినదన్నచో భిక్ష పోయి హక్కు వచ్చినదని మా భావము. ఉచితముగా బొందుట యనగా తగినదానిని బొందుట. ఆ మాటను ఎత్తిపొడుపుగా వాడువారు దాని మూలార్థము నొకమాఱు స్మరింతురు గాక.

ఇట్లని మన వాడుక యంతయు నిర్దుష్టమని చెప్పబోము. రాజ్యాంగమునకు 2002లో జరిగిన 86వ సవరణ ఆఱు మొదలు పదునాలుగు వత్సరముల బాలబాలికలకు విద్యను ప్రాథమికహక్కు గావించినది. 2009లో చట్టమై, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి యమలైనది. ఆంగ్లమున ‘ఫ్రీ’ యని యున్నచోట మనవారు ‘ఉచిత’ మని యుంచి, ‘ఉచిత నిర్బంధ విద్య’ యనిరి. తల్లిదండ్రులు పలువు రీ మాట విని, డబ్బు లేకుండ బిడ్డలను బంధింతురు కాబోలునని నవ్వుకొందురు. చట్టము చూడగా, నిర్బంధము ముఖ్యముగా ప్రభుత్వముమీద మోపిన బాధ్యత. ప్రతి బిడ్డయు బడిలో జేరి, హాజరై, ముగించునట్లు చూచుట వారి విధి. ‘ఉచిత’ మనగా ఫీజు లేకపోవుట మాత్రమే గాదు. చదువు సాగకుండ, ముగియకుండ అడ్డుపడు నే ఖర్చును బిడ్డపై బడరాదని చట్టాభిప్రాయము. ఇచ్చట ‘వెల లేని’ యను నర్థమును ‘అడ్డులేని’ యను నర్థమును చేతులు పట్టుకొని నడచుచున్నవి. ‘ఉచిత’ శబ్దము మొదటిదానిని మాత్రమే మోయగలిగినది. రెండవది మనవారి చెవిని జేరలేదు.

ఈ రెండర్థముల కలయికచేత నాంగ్లేయభాషీయులే యిక్కట్లు పడినారు. కంప్యూటరు ప్రోగ్రాములను అందఱును చూచి, మార్చి, పంచుకొను స్వేచ్ఛ యుండవలెనని స్టాల్‌మన్ పండితుడు 1983లో నొక యుద్యమము నారంభించి దానికి ‘ఫ్రీ’ యని పేరుపెట్టెను. లోకులు డబ్బక్కఱలేని ప్రోగ్రాము లనుకొనిరి. మేము చెప్పునది స్వేచ్ఛను గూర్చి, వెలను గూర్చి కాదని యాయన పక్షమువారు నేటికిని వివరించుచునే యున్నారు. కొందఱు లాటినుమూలమైన ‘లీబ్ర’ శబ్దమును ఎరువు దెచ్చుకొనిరి. మన తెలుగువారికి ఎరువు అక్కఱలేకపోయెను. తెలుగు వికీపీడియా ‘స్వేచ్ఛా విజ్ఞానసర్వస్వ’ మని చెప్పుకొనుచున్నది. ఉచిత విజ్ఞానసర్వస్వ మనలేదు. వారి భాషకు లేని విభాగము మన భాష కున్నది. ఉన్నదానిని విడిచి, వారి చిక్కుముడిని మనము కొని తెచ్చుకొనుచున్నాము.

ఇంతవఱకు మన భాషను పొగడితిమి. ఇక దాని నపరాధిని జేసి నిలువబెట్టవలసిన ఘట్టము. అమరకోశమున స్వతంత్రునకు చెప్పిన పర్యాయములలో స్వచ్ఛందుడు, నిరవగ్రహుడు మొదలగువానితోపాటు ‘స్వైరి’ యను పదము గలదు. తన యిచ్చవచ్చినట్లు మెలగువాడని దాని యర్థము. అందు నింద లేదు. ఆ పదమునకే స్త్రీప్రత్యయము చేర్చి ‘స్వైరిణి’ యన్నచో నేమగును? అదే కోశమున నది కులటకు పర్యాయముగా లెక్కింపబడినది! పురుషునకు స్వాతంత్ర్యమైన గుణము స్త్రీకి వ్యభిచార మైనది. ధాతువు మాఱలేదు, వ్యాకరణము మాఱలేదు. మాఱినది లింగ మొక్కటే. స్త్రీకి స్వాతంత్ర్యము తగదని మనుస్మృతి చెప్పినది. నిఘంటువు దానికి నకలు వ్రాసినది. ఆంగ్లమునుండి నిన్నగాక మొన్న వచ్చిన ‘ఫ్రీ’ శబ్దమునకు గూడ మనము నదే వేషము వేసితిమి. ‘వాడు చాలా ఫ్రీ’ యన్నచో కలుపుగోలువాడని మెచ్చుకోలు. ‘ఆ పిల్ల చాలా ఫ్రీ’ యన్నచో వినువారు కనుబొమ లెత్తుదురు. కాబట్టి దోషము ఆంగ్లమునది గాదు, సంస్కృతమునది గాదు. ఏ భాష మాట వచ్చినను దానికి మన మనస్సునందున్న పాతచొక్కానే తొడుగుచున్నాము.

ఈ చొక్కాను చింపజూచినవారు మన ప్రాంతమున లేకపోలేదు. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. గోదావరిప్రక్కనున్న మనకు ఆ నీటియందలి పుణ్యము వచ్చినంత సులభముగా ఆ బుద్ధి రాకుండుట విచారకరము.

మా యూరి రథవీథికి వేఱొక చరిత్ర యున్నది. 1931 మార్చి 5వ తేదీన గాంధీ–ఇర్విన్ ఒడంబడిక జరిగినది. ఆ నెలలోనే మా స్వామివారి రథోత్సవమునాడు రథముపై మహాత్ముని పటము నుంచిన కారణమున వివాదము పుట్టి, పోలీసులు జనులమీద తుపాకులు ప్రేల్చిరి. ప్రాణములు గోల్పోయినవారును గలరు. వారు కోరినది ‘ఫ్రీ’ దేశము. దానిని ఉచిత దేశమని యెవ్వరును తెనిగింపలేదు. నేడా వీథిలోనే ‘ఫ్రీ’ దర్శనపు వరుస సాగుచున్నది. అందు నిలుచుండువారిలో పెక్కండ్రు ‘ఫ్రీ’ బస్సు దిగివచ్చిన స్త్రీలు. ఆ బస్సు మొదట నడచినది స్వాతంత్ర్యదినముననే. ఒకేనాట రెండర్థములును కలిసికొన్నవి. వానిలో నొకటి మాత్రమే యింటిలోనికి వచ్చి, రెండవది గడపబైట నిలిచిపోయెనా యని మా సందేహము.

పరభాషాపదముల నన్నింటిని బహిష్కరింపుడని మేము చెప్పుట లేదు. బస్సును, బల్బును, కాఫీని తెనిగింపబూనుట పండితుల వినోదము. వస్తువుతోపాటు వచ్చిన పేరు వస్తువుతోనే యుండవచ్చును. భావమును జెప్పు మాట విషయమున మాత్రము జాగ్రత్త వలయును. ఇంట నెవరైన ‘ఫ్రీ’ యన్నప్పుడు ‘దేనికి విరుద్ధము?’ అని యడుగుట బిడ్డలకు నేర్పుడు. అది వ్యాకరణమునకు మాత్రమే గాదు, వివేకమునకును మంచి యభ్యాసము.

ఆ తండ్రి వాక్యమునకు ఆ ప్రశ్న వేసికొందము. బస్సు ‘ఫ్రీ’ యన్నచోట విరుద్ధమైనది ఛార్జీ. పిల్లను ‘ఫ్రీ’గా వదలుట యన్నచోట విరుద్ధమైనది కాపు. మొదటి ‘ఫ్రీ’ వస్తువును గూర్చినది, రెండవది మనిషిని గూర్చినది. వస్తువు వెల పోయినంతమాత్రాన బిడ్డ విలువ తగ్గునా యని యాయన భయము. మఱి యాయన వాడిన ‘వదలుట’ యను మాటయందును రెండర్థములు గలవు: సంకెల వదలుట, చేయి వదలుట. మేము కోరినది మొదటిది. ఆయన వినినది రెండవది.

ఆయనను మూఢుడని తలపకుడు. మాటలనడుమ మఱియొక సంగతియు జెప్పెను: సాయంకాలపు బస్సు దిగునప్పటికి చీకటి పడును, బస్సు నిలుచుచోటినుండి వారి యింటివఱకు కాలువగట్టుమీది త్రోవలో దీపము లేదు. అది నిజమైన యడ్డు. ఆ దినమున మేమాయన పలికిన ‘ఫ్రీ’ని విని నొచ్చుకొంటిమి గాని, ఆయన చెప్పిన చీకటిని లెక్కపెట్టలేదు. శబ్దము వెంట పోయి యర్థమును విడుచుట పండితులకు తఱచుగా పట్టు తెగులు. అది మమ్మును పట్టినది. ఛార్జీ తీసివేయుట ప్రభుత్వము చేసినది. త్రోవలో దీపము పెట్టించుట గ్రామస్థులమగు మా వంతు. ఆ వీథి ఆడపిల్లలు నలుగు రొక్కటిగా వచ్చునట్లు చూచుట తల్లుల వంతు. ఇవి జరిగినపుడు గదా ఆ బాలికకు ‘అడ్డులేని’ యను నర్థమున బస్సు ‘ఫ్రీ’ యగుట!

దీపమునుగూర్చి పంచాయతికి అర్జీ వ్రాసి, వీథివారిచేత చేవ్రాళ్లు చేయించుచున్నాము. అది చేత బట్టుకొని మరల నా యింటికి పోదుము. ఈమాఱు చెప్పవలసిన మాట మా కున్నది: ‘అయ్యా, ఈ మాట మొదటి యర్థము ప్రియమైనవారని. బిడ్డ మీకు ప్రియమైనది గనుకనే స్వతంత్రురాలు కావలెను. చేయి వదలవద్దు, త్రోవ వదలుడు.’ నిఘంటు వింకను ఆ బాలికయొద్దనే యున్నది. దానిని తిరిగి పుచ్చుకొను నుద్దేశము మాకు లేదు.